ఎర్ర పట్టీ లేని పేజీ

"ఆ పిల్లే చేసింది. ఇందులో మీరొచ్చి తవ్వేదేమీ లేదు," అన్నాడు కమాల్ రుగ్రాగీ, నేనింకా భుజం మీది సంచి దించకముందే.

రంజాన్ నెలలో మిట్టమధ్యాహ్నం నాతో కాస్త ఆచితూచి మాట్లాడటం ఎవరికైనా మంచిది. నాలుగు కప్పుల కాఫీ పడితే తప్ప మనిషిని కాను నేను. ఈ నెలంతా పొద్దుగూకేదాకా ఆ భాగ్యం లేదు. కమాల్ సంగతి ఇంకా ఘోరం, అతనికి సిగరెట్ లేదు. ఇద్దరం పళ్ళు నూరుకుంటూ ఒకే హాల్లో నిలబడ్డామంటే అది బహీజా కోసమే.

బహీజా దార్ అమాన్ నడుపుతోంది. మొగుళ్ళ చేతిలో తన్నులు తిని, పిల్లల్ని చంకనేసుకుని బయటపడ్డ ఆడవాళ్ళకి మెక్నెస్‌లో తలదాచుకునే చోటు అది. కమాల్ ఏమో బ్యాంకులకి కంప్యూటర్ భద్రత మీద సలహాలిచ్చేవాడు. డబ్బిచ్చే కమిటీ వాళ్ళు ఏడాది కిందట అతన్ని దార్ అమాన్‌కి తగిలించారు. ఇక నేను, రఖియా ఉషెన్. తపాలా శాఖలో తప్పిపోయిన ఉత్తరాల వెంట ఏళ్ళతరబడి తిరిగి, విసుగొచ్చి, సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నదాన్ని. మా ఇంటిపేరుకి మా కొండ భాషలో నక్క అని అర్థం. ఒక హోటల్ దొంగతనం కేసులో కమాల్ పట్టిన మనిషి దొంగ కాదని నేను తేల్చినప్పటినుంచీ అతను నన్ను ఆ పేరుతోనే పిలుస్తాడు.

"తవ్వేది లేకపోతే మంచిదే సీ కమాల్. తొందరగా ఇంటికెళ్ళి పడుకుంటాను," అన్నాను, పేరుకి ముందు 'సీ' అని మర్యాద తగిలించి.

"పడుకోండి నక్కమ్మా. మూడింటికి కమిటీ వాళ్ళొస్తారు. నాలుగింటికి పోలీసులొస్తారు. మీకు నిద్ర చెడగొట్టడం ఎందుకు?"

బహీజా మధ్యలోకి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్ళింది. ఫోన్లో సగం చెప్పిన విషయం అక్కడ పూర్తిగా చెప్పింది.

పొద్దున పదింటికి మునియా అనే అమ్మాయి ఫోన్ చేసిందట. వారం కిందట ఒకసారి చేసి, భర్త జలీల్ దగ్గర్నుంచి బయటపడాలనుకుంటున్నానని చెప్పిన అమ్మాయే. జలీల్ ఆమె చెయ్యి రెండుసార్లు విరగ్గొట్టాడు. పారిపోతే వెతికి చంపుతానని ఆమె అన్నదమ్ముల ముందే అన్నాడు. దార్ అమాన్‌లో ఒక కట్టుబాటు ఉంది. దాక్కున్న చోటు ఎవరూ ఫోన్లో చెప్పకూడదు, పక్కన ఎవరు వింటున్నారో తెలియదు కాబట్టి. వెబ్‌సైట్లో రాయాలి. అది ఒక్క బహీజాకే అందుతుంది. మునియా అలాగే చేసింది. ఇల్లు వదిలి పారిపోయాననీ, నిన్న సాయంత్రం సైట్లో అంతా రాశాననీ, ఎక్కడున్నదీ కూడా రాశాననీ, చూశారా అనీ పొద్దున అడిగింది. బహీజాకి అలాంటి సందేశమే రాలేదు. ఎక్కడున్నావమ్మా అని అడగబోయేలోపు ఎవరో వస్తున్నారంటూ పెట్టేసింది. అది పక్కింటివాళ్ళ ఫోన్. తరవాత ఎన్నిసార్లు చేసినా పలకలేదు.

"సందేశం గాల్లో కలిసిపోదుగా రఖియా. ఎవరో చదివారు. ఆ చదివినవాళ్ళు జలీల్ మనుషులైతే?" అంది బహీజా.

మాకు కావలసింది అదొక్కటే. ఆ సందేశం ఎవరి చేతిలో పడిందో తెలిస్తే, దాన్ని వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని, జలీల్ కంటే ముందు మేం మునియా దగ్గరికి వెళ్ళొచ్చు. తెలియకపోతే అతనే ముందు వెళ్తాడు. ఆమెకో పాప కూడా ఉందట.

ఫోన్ రాగానే బహీజా చేసిన మంచిపని ఒకటుంది. సైట్ నెత్తిన ఒక ఎర్ర పట్టీ వేయించింది. 'దయచేసి ఇక్కడ ఏమీ రాయకండి, ఫోన్ చెయ్యండి' అని. వస్తూ టాక్సీలో నేను నా ఫోన్లో చూశాను. బాగా కొట్టొచ్చినట్టే కనిపిస్తోంది. కనీసం ఇంకొక ఆడది ఆ గోతిలో పడదు.

ఇబ్తిస్సామ్‌ని పిలిపించాను. దార్ అమాన్ కంప్యూటర్ పనులన్నీ చూసే అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. కమాల్ ఆమె మీద పెట్టిన నింద మామూలుది కాదు, డబ్బు తీసుకుని సందేశాల్ని బయటికి అమ్మిందని. నిన్న ఏంచేసిందో మొదట్నుంచీ చెప్పమన్నాను. కంప్యూటర్ భాష వద్దన్నాను.

ఆమె చెప్పింది ఇదీ. దార్ అమాన్ సైట్ ఇన్నాళ్ళూ తౌఫీక్ అనే అతని సర్వర్లో ఉంది. అది నత్తనడక నడుస్తోందని కొత్త హోస్టింగ్ తీసుకున్నారు. సైట్ మొత్తం నకలు తీసి కొత్త చోట పెట్టింది. ఇక పేరును అటు తిప్పడం మిగిలింది. సైట్ పేరు మారదు, ఇల్లు మారుతుంది. ఫలానా పేరు ఫలానా అంకెల చిరునామాలో ఉంటుందని డొమైన్ ఖాతాలో రాసి ఉంటుంది. అక్కడ పాత అంకెలు తీసి కొత్త అంకెలు రాయాలి. తపాలా శాఖలో పనిచేసినదానికి ఇంతకంటే విడమర్చక్కర్లేదు, ఇల్లు మారినవాళ్ళు పోస్టాఫీసులో చెప్పుకునేదే ఇది.

ఒక చిక్కుంది. ఫోన్లూ కంప్యూటర్లూ ఒకసారి తెలుసుకున్న చిరునామాని కొన్ని గంటలపాటు గుర్తుపెట్టుకుని మళ్ళీ అడగవు. మనం మార్చినా పాత ఇంటికే పోతుంటాయి. అందుకని ఆ గుర్తుండే గడువును ముందుగానే ఐదు నిమిషాలకి తగ్గించి పెట్టుకుంటారు. ఇబ్తిస్సామ్ నిన్న పొద్దున్నే గడువు తగ్గించింది. చిరునామా మాత్రం ఇఫ్తార్ అయ్యాక, జనం తిండి మీద ఉన్నప్పుడు మార్చింది.

"మార్చేటప్పుడు అంతకుముందు అక్కడ ఏ అంకెలున్నాయో చూశావా?"

తల దించుకుని, పెద్దావిడని పిలిచినట్టు లల్లా అని పిలిచింది. "చూడలేదు లల్లా. పాతదే ఉంటుందనుకున్నాను. రోజంతా ఉపవాసం, అప్పుడే హరీరా సూపు తాగాను, కళ్ళు మూతలు పడుతున్నాయి. కొత్త అంకెలు దాని మీద కొట్టేసి సేవ్ చేశాను."

అక్కడే కొంప మునిగింది. అప్పటికి అక్కడున్నవి పాత అంకెలు కావు. అంతకుముందే ఎవరో ఖాతాలోకి వెళ్ళి ముక్కూ మొహం తెలియని చిరునామా ఒకటి రాసిపెట్టారు. ఆ మధ్య కాలంలో దార్ అమాన్ పేరు కొట్టినవాళ్ళంతా అచ్చుగుద్దినట్టు దార్ అమాన్‌లాగే ఉన్న దొంగ పేజీకి వెళ్ళారు. తరవాత ఇబ్తిస్సామ్ తనకు తెలియకుండానే దాన్ని చెరిపేసి సరైనది రాసింది. పొద్దున మునియా ఫోన్ వచ్చాక ఖాతాలో మార్పుల చరిత్ర తీసి చూస్తే గానీ ఈ సంగతి బయటపడలేదు.

ఖాతా తాళం ఎవరెవరి దగ్గరుందని అడిగితే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. మా ఊళ్ళో చిన్న సంస్థలన్నింటికీ జరిగేదే. సైట్ కట్టినవాడే పేరు కూడా తన ఖాతాలో కొనిపెట్టుకుంటాడు. పేరు వీళ్ళది, తాళం తౌఫీక్‌ది. ఆ తౌఫీక్ కిందటివారం ఉమ్రాకి మక్కా వెళ్ళాడు. వెళ్ళేముందు, తెలిసీ తెలియక చేసిన తప్పులుంటే మన్నించండని అందరినీ అడగడం ఆనవాయితీ. అతను దార్ అమాన్ వాట్సాప్ గ్రూపులో ఆ మాటే రాశాడు. ఒకరి సొత్తు తన దగ్గరుండగా మక్కాలో అడుగు పెట్టకూడదన్న భయభక్తులు ఎక్కువై, డొమైన్ పాస్‌వర్డ్ కూడా అదే సందేశం కింద పెట్టేశాడు. గ్రూపులో ఉన్నవాళ్ళందరూ అల్లా నీ యాత్ర స్వీకరించుగాక అని గులాబీలు పెట్టారు. పాస్‌వర్డ్ మార్చాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

"ఎవరెవరున్నారమ్మా ఆ గ్రూపులో?"

బహీజా, ఇబ్తిస్సామ్, కమిటీ వాళ్ళు నలుగురు, వంటావిడ, వాచ్‌మన్ బా అల్లాల్, తౌఫీక్. కమాల్ కూడా.

హాల్లోకి తిరిగొచ్చాం. కమాల్ తన లాప్‌టాప్‌ని ప్రొజెక్టరుకి తగిలించి, కమిటీకి చూపించాల్సిన పాఠం గోడ మీద సర్దుకుంటున్నాడు. మార్పుల చరిత్ర ఫోటో తీసి పెద్ద అక్షరాలతో వేశాడు. మూడు వరుసలు. ఉదయం పదికి గడువు తగ్గింపు. సాయంత్రం ఆరూ పదికి తెలియని చిరునామా. రాత్రి ఎనిమిదికి కొత్త హోస్టింగ్ చిరునామా.

రెండో వరుస మీద వేలు పెట్టి నాకు పాఠం చెప్పాడు. ఆరూ పదికి ఊళ్ళో పిల్లి కూడా బయట ఉండదు, అందరూ సూపు గిన్నెల ముందు కూర్చుని అజాన్ కోసం చెవులు రిక్కించి ఉంటారు. అప్పుడు ఈ భవనంలో కంప్యూటర్ ముందు ఉన్నది ఒకే ఒక్క మనిషి. కావాలంటే వాచ్‌మన్‌ని అడగండి.

"గడువు తగ్గించినట్టు తెలిసినవాళ్ళే ఇలా రెండు గంటల కోసం చిరునామా తిప్పగలరు. తెలిసిందెవరికి? తగ్గించినామెకి," అన్నాడు. "నేనైతే ఆ టైంకి మా ఇంట్లో ఉన్నాను. మా అత్తగారితో కలిపి ఏడుగురు సాక్షులు."

నేనడగలేదు. అడక్కుండా సాక్షుల్ని లెక్క చెప్పేవాళ్ళంటే నాకు తపాలా శాఖ రోజులనుంచీ ఒక రకమైన ముచ్చట.

"అత్తగారు సాక్ష్యం చెప్పేంత మంచి అల్లుడన్నమాట," అన్నాను.

మొహం మాడ్చుకున్నాడు. సిగరెట్ కోసం చెయ్యి జేబు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నేను పై అంతస్తుకి నడిచాను.

ఇబ్తిస్సామ్ పనిచేసే గది చూస్తే చూడటానికేమీ లేదు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, కిటికీ, అడుగున ఎండిన హరీరా గిన్నె. తలుపు ఒకటే. మెట్లు ఒకటే. మెట్ల కింద బా అల్లాల్ కుర్చీ. అతన్ని పైకి పిలిచి అడిగాను. నాలుగింటికల్లా అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారట. అమ్మాయి కూడా వెళ్ళి, ఇఫ్తార్‌కి ఓ ముప్పావు గంట ముందు తిరిగొచ్చిందట. హరీరా తనే తెచ్చిచ్చాడట. ఆమె తప్ప మెట్లెక్కిన పురుగు లేదని ఒట్టేశాడు. ఆ మాటలు కమాల్‌కి అచ్చొచ్చేవే. బల్ల మీద చెయ్యి ఆనించి తలెత్తాను.

గోడ గడియారం రెండు చూపిస్తోంది.

నా చేతి గడియారం ఒంటిగంట చూపిస్తోంది.

"ఇది ఆగిపోయిందా?" అన్నాను.

"ఎందుకాగుద్ది? రంజాన్‌కి వెనక్కి తిప్పలేదంతే. స్టూలెక్కి తిప్పడం, పండగ కాగానే మళ్ళీ ఎక్కి ముందుకి తిప్పడం, ఆ సంబరం ఎవరికి కావాలి? మా ఇంట్లోనూ అంతే," అన్నాడు బా అల్లాల్.

మా దేశంలో ఏటా ఇదొక తంతు. రంజాన్ మొదలవగానే సర్కారు గడియారాన్ని గంట వెనక్కి లాగుతుంది, పండగయ్యాక ముందుకి తోస్తుంది. ఫోన్లు వాటంతటవే మారతాయి. గోడ గడియారాలు మారవు. మైక్రోవేవులు మారవు. మరి ఎక్కడో పరాయి దేశంలో కూర్చుని మార్పుల చరిత్ర రాసుకునే డొమైన్ ఖాతా మారుతుందా?

మెట్లు దిగేటప్పుడు నాకు కాఫీ గుర్తు రాలేదు.

హాల్లోకి వెళ్ళి, గడువు తగ్గించిన సంగతి నిన్న పొద్దున ఎవరితోనైనా చెప్పావా అని ఇబ్తిస్సామ్‌ని అడిగాను. చెప్పిందట, అప్పటికప్పుడే. గ్రూపులో మాట రికార్డ్ చేసి పెట్టిందట. బహీజా ఫోన్ తీసి వినిపించింది. 'అందరికీ సలాం, ఇప్పుడే గడువు తగ్గించాను, ఇఫ్తార్ అయ్యాక చిరునామా మారుస్తాను' అని ఇబ్తిస్సామ్ గొంతు. గడువు తగ్గిందన్న సంగతి ఆమెకొక్కదానికే తెలుసన్న మాట అక్కడే చచ్చిపోయింది. కానీ నాక్కావలసింది ఆ మాట కాదు, దాని కింద ఉన్న టైం.

"ఎన్నింటికి పంపినట్టుంది బహీజా?"

"తొమ్మిది."

"గోడ మీద మొదటి వరుస ఎన్నింటికంటోంది?"

బహీజా గోడకేసి చూసింది. పది అంటోంది. ఆమె ఇంకోసారి ఫోన్‌కేసి చూసుకుంది.

"ఆ ఖాతా మన రంజాన్ గడియారాన్ని ఎరగదు," అన్నాను. "అది చెప్పే ప్రతి టైంలోంచీ ఒక గంట తీసెయ్యాలి. రాత్రి ఎనిమిది కాదు, ఏడు. ఇఫ్తార్ అయిన తరవాత ఇబ్తిస్సామ్ మార్చానన్నది సరిగ్గా అప్పుడే. అలాగే సాయంత్రం ఆరూ పది కాదు, ఐదూ పది. ఐదూ పదికి ఈ అమ్మాయి ఎక్కడుంది?"

ఇబ్తిస్సామ్ నోరు తెరిచేలోపు బహీజానే చెప్పింది. పిల్ల తన కార్లో ఉంది. శరణాలయంలో పిల్లలకి షబ్బాకియా మిఠాయి కొనడానికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. వచ్చేటప్పుడు ఇబ్తిస్సామ్ రెండు పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, తేనె పాకం మోచేతుల దాకా కారింది. ఫోన్ మోగితే ఎత్తడానికి కూడా చేతుల్లేక బహీజా చేతే ఎత్తించింది. కారు సీటు ఇప్పటికీ చీమలు పట్టి ఉందట.

మనిషిని నిలువునా ఊబిలోంచి లాగితే ఎలా ఉంటుందో ఇబ్తిస్సామ్ అలా ఊపిరి పీల్చింది. నాకు లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ అది సగం పనే. మునియా సందేశం ఇంకా ఎవరి దగ్గరుందో తెలియదు.

కమాల్ మాత్రం తొణకలేదు. భుజాలెగరేశాడు.

"సరే, గంట తేడా ఉంది. ఉపవాసంలో ఉన్నాను, గమనించలేదు. మనిషన్నాక పొరపాటు. ఎవరు చేశారో పోలీసులు తేలుస్తారు, వాళ్ళకి జీతాలిచ్చేది అందుకే."

"బ్యాంకులకి సలహాలు చెప్పేవాడికి గంట తేడా కనిపించలేదా?"

"మీరేం చెప్పదలుచుకున్నారు?"

"ఐదూ పదికి మీ అత్తగారు ఎక్కడున్నారని అడగదలుచుకున్నాను."

అతని మొహంలోకి రక్తం పొంగింది. నేను కమిటీకి తెలియని మనిషిననీ, నన్ను లోపలికి రానిచ్చింది ఎవరనీ, ఉత్తరాలు ఏరుకునేవాళ్ళు సర్వర్ల జోలికి రాకూడదనీ చాలా చాలా అన్నాడు. నేను విన్నాను. కోపంలో ఉన్న మనిషి చేతుల్ని చూస్తూ వినడం నాకు అలవాటు. అతని చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి.

"అసలు విషయం మర్చిపోతున్నారు మీరంతా. సైట్ ఇప్పుడు భద్రంగా ఉంది. కమిటీ అడిగేది అదే. ఇదిగో," అని దార్ అమాన్ పేరు కొట్టాడు.

పేజీ గోడ మీద విచ్చుకుంది. పైన నీలం తలుపు బొమ్మ, కింద 'నువ్వు ఒంటరివి కావు' అన్న మాట, దాని కింద సందేశం రాసే పెట్టె. చక్కగా, శుభ్రంగా ఉంది.

మరీ శుభ్రంగా ఉంది. నేను నా ఫోన్ తీసి అదే పేరు కొట్టాను. ఎర్ర పట్టీ వచ్చింది. బహీజా ఫోన్ అడిగి తీసుకుని కొట్టాను. ఎర్ర పట్టీ వచ్చింది. గోడ మీద పట్టీ లేదు.

"సీ కమాల్, మీ గోడ మీద పట్టీ ఏదీ?"

ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. అర్థమవడం నేను చూశాను.

"లాప్‌టాప్ పాత పేజీని దాచుకుని చూపిస్తోంది. మామూలే," అన్నాడు.

"అయితే మళ్ళీ తాజాగా తెప్పించండి."

తెప్పించాడు. పట్టీ రాలేదు. ఇబ్తిస్సామ్ అప్పటికే నా పక్కనుంచి ముందుకి నడిచింది. కమాల్ లాప్‌టాప్ మూత మూయబోయాడు. నా సంచి తీసి కీబోర్డు మీద పెట్టాను, మూత దాని మీద ఆగిపోయింది. తపాలా శాఖ ఇచ్చిన తోలు సంచి, గట్టిది.

"మూయకండి. కమిటీకి చూపించాలన్నారుగా," అన్నాను.

సంచి కొంచెం పక్కకి జరిపి ఇబ్తిస్సామ్ తెర మీద ఆజ్ఞలు కొట్టే నల్లటి కిటికీ ఒకటి తెరిచింది. దార్ అమాన్ పేరు ఏ చిరునామాలో ఉందని ఆ లాప్‌టాప్‌నే అడిగింది. అది గోడ మీద జవాబు చెప్పింది, నాలుగు ముక్కల అంకెలు. కొత్త హోస్టింగ్ అంకెలు కావు. తౌఫీక్ సర్వర్ పాత అంకెలూ కావు. మార్పుల చరిత్ర ఫోటోలో రెండో వరుసలో ఉన్న అంకెలు. నిన్న ఐదూ పదికి ఎవరో రాసినవి.

"ఒక్క ఈ లాప్‌టాప్‌లోనే ఉంది లల్లా," అంది ఇబ్తిస్సామ్. ఆమె గొంతులో ఏడుపు పోయింది. "సైట్ తరలించేటప్పుడు మేమంతా చేస్తాం. లోకానికంతా చెప్పేముందు మన మెషీన్‌కి మాత్రం చెప్పుకుంటాం, నీ వరకు ఈ పేరు ఈ అంకెల దగ్గరుంది అని. కొత్త ఇల్లు సరిగ్గా కట్టామో లేదో చూసుకోడానికి. చూసుకున్నాక ఆ వరుస చెరిపెయ్యాలి."

తన మెషీన్లో ఆమె చెరిపింది. అతను చెరపలేదు. దొంగ పేజీని కట్టి, పరీక్షించి, ఊరి మీద వదిలి, తన లాప్‌టాప్‌లోని ఆ ఒక్క వరుస తీసెయ్యడం మర్చిపోయాడు. పొద్దుట్నుంచీ ఎవరూ సైట్‌ని అతని లాప్‌టాప్‌లో తెరవమని అడగలేదు, అతనూ తెరవలేదు. నన్ను నోరు మూయించాలన్న ఉక్రోషంలో తెరిచాడు.

బహీజా అతనికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఎవరికిచ్చావు?"

కమాల్ కుర్చీలో కూర్చున్నాడు. జలీల్ తనకు చిన్నప్పటి స్నేహితుడన్నాడు. భార్యాభర్తలన్నాక చెయ్యి చేసుకోవడం ఉంటుందన్నాడు. జలీల్ తన ముందు కూతురి కోసం చంటిపిల్లాడిలా ఏడ్చాడన్నాడు. పవిత్రమైన నెలలో ఒక సంసారాన్ని కలిపితే పుణ్యమే గానీ పాపం ఎందుకవుతుందని ఎదురు నన్నే అడిగాడు. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. ఉపవాసం గుర్తొచ్చి ఆగాననుకుంటే పొరపాటు, టైం లేక ఆగాను.

"సందేశం ఎక్కడుంది? ఆ అమ్మాయి ఏ ఊళ్ళో ఉందని రాసింది?"

"నా దగ్గర లేదు. పేజీలో ఏది రాసినా నేరుగా అతని మెయిల్‌కి పోతుంది. నేను చదవలేదు."

"చదవలేదా?"

"ఆడవాళ్ళ సొంత విషయాలు. నేనెందుకు చదువుతాను?" అన్నాడు. నిజంగానే అన్నాడు.

దొంగ పేజీ ఇంకా గోడ మీద వెలుగుతూనే ఉంది. నాకు ఒక అనుమానం వచ్చింది. తపాలాలో అయితే ఉత్తరం అందినట్టు రసీదు వస్తుంది. ఇక్కడ రాసినవాళ్ళకి ఏం వస్తుంది? ఆ పెట్టెలో ఏదో ఒకటి రాసి పంపమని ఇబ్తిస్సామ్‌తో అన్నాను. ఆమె 'పరీక్ష' అని ఒక్క మాట రాసి నొక్కింది.

నీలం తలుపు బొమ్మ కింద జవాబు వచ్చింది.

'మీ సందేశం అందింది తల్లీ. ధైర్యంగా ఉండు. రేపు మధ్యాహ్నం మా బండి నువ్వున్న చోటికి వస్తుంది. ఎవరికీ చెప్పకుండా పాపతో సహా ఎక్కెయ్యి. బహీజా.'

"ఈ ముక్క నేను రాయలేదు. జలీల్ రాసిచ్చాడు, నేను పెట్టానంతే," అన్నాడు కమాల్.

మునియా దాన్ని చదివింది నిన్న సాయంత్రం. రేపు అంటే ఈ రోజే. పోలీసులకి ఫోన్ చెయ్యమని ఇబ్తిస్సామ్‌తో అన్నాను. జలీల్ నంబరూ, బండి నంబరూ చెప్పమని కమాల్ కాలర్ పట్టుకున్నాను. అతను నంబరు చెబుతుండగా బహీజా చేతిలో ఫోన్ మోగింది. పొద్దుటి నంబరే. గట్టిగా వినిపించేలా పెట్టమని సైగ చేశాను.

"అక్కా, మునియాని. మీరు పంపిన బండి వచ్చేసింది, ఎక్కేశాం," అంది ఒక పల్చటి గొంతు. వెనక ఇంజను చప్పుడు. "పక్కింటావిడ దారిలో పనికొస్తుందని ఫోన్ నన్నే ఉంచుకోమంది. మీకు ఒకసారి చెబుదామని చేశాను. మీ మేలు మర్చిపోలేనక్కా."

దార్ అమాన్‌కి ఉన్నది ఒకే ఒక్క వ్యాను. అది కిటికీ కింద, వాకిట్లో నిలబడి ఉంది.

బహీజా కళ్ళు మూసుకుని తెరిచింది. ఎలా కూడదీసుకుందో గానీ, మామూలు గొంతుతోనే అడిగింది. "ఎవరొచ్చారమ్మా బండిలో?"

"డ్రైవరొక్కడే. చాలా మంచాయనక్కా. మీరు పాప పేరు కూడా చెప్పి పంపారు కదా. పేరు పెట్టి పిలిచేసరికి, కొత్త లేకుండా వెళ్ళి ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది."

బహీజా నాకేసి చూసింది. మునియాకి ఒక పాప ఉందన్నంతవరకే ఆమెకు తెలుసు. పాప పేరు మునియా ఎప్పుడూ చెప్పలేదు.